మా రోజుల్లో బెడ్‌పాన్ చూశాకే మాట్లాడేవాళ్ళం

డెబ్భై దాటినవాళ్ళ ఆసుపత్రి ఫైళ్ళు ఈమధ్య నా దగ్గరికి తరచూ వస్తున్నాయి. బంధువులవి, కాలనీలోవాళ్ళవి, నా దగ్గర చదువుకున్నవాళ్ళ తల్లిదండ్రులవి. అన్నిట్లోనూ ఒకటే కథ. హిమోగ్లోబిన్ ఆరు. పైనుంచి ఎండోస్కోపీ చేశారు, కిందనుంచి కొలొనోస్కోపీ చేశారు, పొట్ట స్కాను తీశారు, రక్తం ఎక్కించారు, ఐరన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, ఇంటికి పంపారు. రెండు నెలలు తిరక్కుండా మనిషి మళ్ళీ పాలిపోయి, ఆయాసపడుతూ అదే మంచం మీద చేరాడు. అంత లావు ఫైల్లో నేను రెండే వాక్యాల కోసం వెతుకుతాను. మలం ఏ రంగులో ఉంది, దాన్ని ఏ డాక్టరు కళ్ళారా చూశాడు అన్నది ఒకటి. గుండె మీద స్టెతస్కోపు పెడితే ఏం వినిపించింది అన్నది రెండోది. మొదటి వాక్యం ఎక్కడా ఉండదు. రెండోదాని చోట ‘ఎస్ 1, ఎస్ 2 నార్మల్’ (గుండె రెండు శబ్దాలూ మామూలే) అని కంప్యూటరు ఫారంలో ముందే అచ్చయిన మాట ఉంటుంది. విని రాసిన మాటకీ, అచ్చులో వచ్చిన మాటకీ తేడా నలభై ఏళ్ళు వార్డుల్లో తిరిగినవాడికి తెలియకుండా పోదు.

మా రోజుల్లో ఇలా సాగేది కాదు. డెబ్భైల మొదట్లో నేను హౌస్ సర్జన్సీ చేసింది ఒక ధర్మాసుపత్రిలో. నెత్తురు కక్కుకున్నాడనో, దొడ్డికి నల్లగా పోతోందనో ఎవరైనా చేరితే, మా యూనిట్ చీఫ్ పొద్దున రౌండ్సులో ఆ మంచం దగ్గర ఆగి మొదట కేసు షీటు అడిగేవారు కాదు. "సిస్టర్, బెడ్‌పాన్ ఉంచారా?" అనేవారు. ఉంచకపోతే ఆ రోజు మా అందరికీ చీవాట్లే. ఉంచితే చుట్టూ నిలబడి చూడాలి, వాసన పట్టాలి. తారులా నల్లగా, జిగటగా, ఒకసారి ముక్కుకి సోకితే జన్మలో మరిచిపోలేని వాసనతో ఉంటే, అది పైన ఎక్కడో కారి పేగుల్లో నిలవుండి వచ్చిన నెత్తురు. ఐరన్ మాత్రలు మింగేవాళ్ళకీ నల్లగానే అవుతుంది, కానీ ఆ జిగట ఉండదు, ఆ వాసన ఉండదు. ముదురు ఎరుపు కలిసి వస్తే చిన్నపేగూ, కుడివైపు పెద్దపేగూ గుర్తుకు రావాలి. తాజా ఎరుపు మలానికి పైపైన అంటుకుని వస్తే అది ఆసనం దగ్గరి సంగతి. అదే తాజా ఎరుపు ధారకట్టి వచ్చి, మనిషికి చల్లచెమటలు పట్టి, నాడి అందకుండా పోతుంటే, పైనుంచే అంత జోరుగా కారుతున్నదేమో అని ఆలోచించాలి. ఇదంతా మాకు ఆ మంచం పక్కనే నేర్పారు.

అంతకుమించి మా దగ్గర పెద్దగా ఏమీ లేని మాట నిజమే. ముక్కులోంచి రైల్స్ ట్యూబు దించి చల్లటి సెలైన్‌తో కడుపు కడిగేవాళ్ళం. నెత్తురు ఆగాక బేరియం తాగించి ఎక్స్‌రేలు తీసేవాళ్ళం. బంధువులు రక్తం ఇవ్వడానికి జడిస్తే, డబ్బుకి ఇచ్చేవాళ్ళు ఆసుపత్రి గేటు బయట కాచుకుని ఉండేవాళ్ళు. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 నుంచి ఆ బేరం ఆగింది, చాలా మంచి పని జరిగింది. ఎంత చేసినా కారడం ఆగకపోతే సర్జన్ పొట్ట కోసేవాడు. అప్పటి కేసుల్లో ఎక్కువభాగం డుయోడినల్ అల్సర్లు, అంటే చిన్నపేగు మొదట్లో వచ్చే పుళ్ళు. పొలం పనివాళ్ళు, లారీ డ్రైవర్లు, ముప్ఫై నలభై ఏళ్ళవాళ్ళు. 1976లో సిమెటిడిన్ వచ్చింది, ఎనభైల చివర్లో ఒమెప్రజోల్ వచ్చింది. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ కడుపులో కాపురమున్న బ్యాక్టీరియాని పట్టుకున్నారు, 2005లో నోబెల్ అందుకున్నారు. ఒకప్పుడు మా సర్జన్లు వారంవారం చేసిన అల్సర్ ఆపరేషన్లని ఇప్పటి పీజీ విద్యార్థులు పుస్తకంలో చదువుకుంటున్నారు. సంతోషమే.

కానీ ఒక సంగతి మరిచిపోతున్నారు. 1970 ప్రాంతంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం యాభైకి లోపే. ఇప్పుడది డెబ్భై దరిదాపుల్లో ఉంది. అప్పుడు మాకు అరుదుగా ఎదురైన ముసలి రోగి ఇప్పుడు ప్రతి వార్డులోనూ ఉన్నాడు. ఈ వయసులో నెత్తురు కారడానికి పుండే ఉండాలని లేదు, ముదిరిన రక్తనాళం చాలు. పుండు కోసం వెతికి, పుండు లేదు కాబట్టి జబ్బు లేదని ఇంటికి పంపేవాళ్ళ మీదే నా కోపం.

పెద్దపేగు కుడి కొసనే చూడండి. అక్కడి లోపొర కింద సన్నటి నాళాలు ఉబ్బి, వంకరలు తిరిగి, పల్చబడి ఉంటాయి. యాంజియోడిస్‌ప్లేషియా అంటారు. పేగు కండరం ముడుచుకున్నప్పుడల్లా అందులోంచి బయటికి పోయే సిరలు కాస్త నొక్కుకుపోతాయి. ఏళ్ళ తరబడి అలా నొక్కుడు పడితే వాటి వెనక నాళాలు వెడల్పవుతాయి. పెద్దపేగు అన్నిటికన్నా వెడల్పుగా ఉండేది మొదట్లోనే కాబట్టి గోడ మీద బిగువు కూడా అక్కడే ఎక్కువ. బోలీ అనే అమెరికన్ సర్జన్ బృందం 1977లో ఈ వివరణ ఇచ్చింది. దానికోసం వాళ్ళు కోసి తీసిన పేగు నాళాల్లోకి సిలికాన్ రబ్బరు ఎక్కించి చూడాల్సి వచ్చింది. మామూలుగా కోస్తే ఆ నాళాలు ముడుచుకుపోయి పాథాలజిస్టు కంటికి కూడా ఆనవు. ఇక మా బేరియం ఎక్స్‌రేలో ఏం కనిపిస్తుంది? పొట్ట కోసిన సర్జన్ వేళ్ళకి ఏం తగులుతుంది? మనిషికి నొప్పి ఉండదు. కొన్నాళ్ళు కారి, దానంతటదే ఆగి, మళ్ళీ మొదలవుతుంది. ఎన్నో ముసలి ప్రాణాలు ‘కారణం తెలియలేదు’ అన్న మాటతోనే పోయాయి.

ఇప్పుడు కొలొనోస్కోపు దాన్ని ఎర్రటి మచ్చగా చూపిస్తుంది, ఆర్గాన్ వాయువుతో అక్కడికక్కడే మాడ్చేయవచ్చు. కానీ రక్తం బాగా తగ్గి, బీపీ పడిపోయి ఉన్న మనిషిలో ఆ మచ్చలు పాలిపోయి కనిపించకపోవచ్చు. ఆ మాట తెలిసినవాడు రక్తం ఎక్కించాక ఇంకోసారి చూస్తాడు. తెలియనివాడు ‘నార్మల్ స్టడీ’ అని రాసి సంతకం పెడతాడు.

ఇంకోటి కడుపు పైభాగంలో ఉంటుంది. పారిస్‌లో జార్జ్ డ్యులాఫోయ్ అనే వైద్యుడు 1898లో దాన్ని వివరంగా రాశాడు, ఆయనకి ముందే 1884లో గల్లార్డ్ గమనించాడు. కడుపు గోడలోకి వచ్చే ధమని కొమ్మలు లోపొర చేరేసరికి సన్నబడాలి. కొందరిలో ఒక కొమ్మ సన్నబడకుండా, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లావుతోనే లోపొర కిందికి వచ్చేస్తుంది. ఎక్కువగా అన్నవాహిక కడుపులో కలిసే చోటికి ఆరు సెంటీమీటర్ల లోపే. పైనున్న పొర ఎక్కడో చిట్లుతుంది, ధమని నెత్తురు ఎగజిమ్ముతుంది, మనిషి క్షణాల్లో సొమ్మసిల్లుతాడు. తర్వాత గడ్డకట్టి ఆగితే చుట్టూ పుండు ఉండదు కాబట్టి చూసేవాడికి ఏమీ కనిపించదు. గుండెజబ్బు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్న ముసలివాళ్ళలో ఇది ఎక్కువ. మా రోజుల్లో అర్ధరాత్రి పొట్ట కోసిన సర్జన్ పుండు దొరక్క, అలవాటు ప్రకారం కడుపు కింది సగం తీసేస్తే, నెత్తురు కారే నాళం పైసగంలో మిగిలిపోయేది. ఇవాళ కనిపిస్తే చాలు, ఒక క్లిప్పు వేసి ఆపుతారు. కనిపించాలంటే కారుతున్నప్పుడు చూడాలి, ఒకసారి దొరక్కపోతే మళ్ళీ చూడాలి. మా చీఫ్ చెప్పేవారు: ఇంత నెత్తురు పోయి కడుపులో పుండు లేదంటే అది ఊరట కాదు, వెతుకులాట అప్పుడే మొదలైందని అర్థం.

ముసలి ఆడవాళ్ళలో కనిపించే ఇంకో జబ్బుంది, దాని మీద నాకు మరీ బాధ. కడుపు కింది చివర, పేగులోకి దారి తీసే చోటికి ఎర్రటి చారలు వరసగా వచ్చి కలుస్తాయి. 1953లో మొదట వర్ణించారు, 1984లో ఆ చారల్ని బట్టి ‘వాటర్‌మెలన్ స్టమక్’ అని పేరు పెట్టారు. అది పొంగి కారే జబ్బు కాదు. రోజూ కొద్దికొద్దిగా ఊరుతూ మనిషిని లోపలినుంచి పిండేస్తుంది. ఎండోస్కోపీలో ఆ ఎరుపు చూసి ‘గ్యాస్ట్రైటిస్’ అని రాస్తే అయిపోయింది, ఆ తల్లి ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళలు, ఐరన్ ఇంజెక్షన్లు వాడుతూనే ఉంటుంది. ఆమె చేతివేళ్ళ చర్మం గట్టిపడి బిగుసుకుందా, కాలేయం జబ్బు గుర్తులున్నాయా అని చూస్తే అనుమానం అప్పుడే రావాలి, ఎందుకంటే స్క్లీరోడెర్మాతోనూ సిరోసిస్‌తోనూ ఇది జతకట్టి వస్తుంది. నోరు కూడా తెరిపించాలి. పెదాల మీద, నాలుక మీద గుండుసూది తలంత ఎర్రటి చుక్కలుండి, చిన్నప్పటినుంచీ ముక్కునుంచి నెత్తురు కారే అలవాటుండి, ఇంట్లో ఇంకొకరికీ అదే ఉంటే, అది వంశంలో వచ్చే నాళాల జబ్బు. ఆస్లర్ అనే వైద్యుడు దాన్ని 1901లో వర్ణించాడు. వాళ్ళకి పేగుల్లోంచి కారడం ఎక్కువగా నడివయసు దాటాకే మొదలవుతుంది. ఇవన్నీ చూడటానికి కిటికీ వెలుతురు చాలు. ఆ వెలుతురులో రోగి మొహం చూసే తీరికే కరువైంది.

ఇక గుండె దగ్గరికి వస్తాను, నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. 1958లో ఎడ్వర్డ్ హైడ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక వైద్య పత్రికకి చిన్న ఉత్తరం రాశాడు. గుండెలో బృహద్ధమని వాల్వు సున్నం పట్టి బిగిసిపోయిన రోగుల్ని పదేళ్ళలో కనీసం పదిమందిని చూశాననీ, వాళ్ళకి పేగుల్లోంచి విపరీతంగా నెత్తురు పోయిందనీ, కారణం దొరకలేదనీ, ఇంకెవరైనా ఇలా గమనించారా అనీ అడిగాడు. అప్పటికి అతని చేతిలో ఎకో మిషన్ లేదు. చెవి ఉంది, కన్ను ఉంది, ఒకే మనిషిలోని రెండు బాధల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసే బుద్ధి ఉంది. ఆ ప్రశ్నకి సరైన జవాబు రావడానికి దశాబ్దాలు పట్టింది. నెత్తురు గడ్డకట్టడానికి వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీన్ గొలుసులు కావాలి. ఇరుకైన వాల్వులోంచి నెత్తురు విపరీతమైన వేగంతో దూరేటప్పుడు ఆ గొలుసులు సాగి, ఎంజైముకి దొరికిపోయి తెగుతాయి. పేగు నాళాలు బాగున్న మనిషిలో అది అంతగా బయటపడదు. పేగులో పల్చబడిన నాళాలు ఉన్న ముసలి మనిషిలో అక్కడినుంచే కారిపోతుంది. వాల్వు మార్చగానే ఆ ప్రొటీన్ మళ్ళీ కుదుటపడుతుందని 2003లో ఫ్రాన్స్ వైద్యులు చూపించారు.

అంటే పేగులో కారే నెత్తురుకి మందు గుండెలో ఉండొచ్చు. ఈ మాట ఎంతమంది వార్డులో గుర్తు పెట్టుకుంటున్నారు? మా కాలనీలో ఒక రిటైర్డ్ మేష్టారికి ఏడాదిన్నరపాటు ఇదే బాధ. పొట్ట డాక్టరు పొట్ట చూశాడు, రక్తం డాక్టరు రక్తం చూశాడు, ఆయాసానికి ఛాతీ డాక్టరు ఇన్‌హేలరు ఇచ్చాడు. ఆయన గుండె మీద స్టెతస్కోపు పెడితే మర్మర్, అంటే వాల్వులోంచి నెత్తురు దూరే చప్పుడు, గరగరా మెడదాకా వినిపిస్తోంది. ఎవరూ విననే లేదంటే అన్యాయమవుతుంది. ఒక చీటీలో ‘రక్తహీనత వల్ల వచ్చే మర్మర్’ అని రాసి వదిలేశారు. రక్తం తగ్గినవాళ్ళ గుండెలో మర్మర్ వినిపించడం నిజమే. కానీ అందులో గుండె రెండో శబ్దం మెత్తబడిపోదు, మెడ దగ్గర నాడి నెమ్మదిగా, బలహీనంగా పైకి లేవదు. ఆ తేడా పట్టుకోవడానికి వేలు మెడ మీద పెట్టాలి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం వినాలి. ఎకో తీయిస్తే వాల్వు బాగా ఇరుకని తేలింది. వాల్వు మార్చాక ఆయనకి రక్తం ఎక్కించాల్సిన పని రాలేదు. అందరికీ ఇంత పూర్తిగా ఆగుతుందని చెప్పను, చాలామందికి ఆగుతుంది లేదా బాగా తగ్గుతుంది. పైగా ఈ రోజుల్లో ఛాతీ కోయకుండా తొడ దగ్గరి రక్తనాళంలోంచి కొత్త వాల్వు ఎక్కించే పద్ధతి ఉంది. 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదట చేశాడు, ఇవాళ హైదరాబాద్‌లో చేస్తున్నారు. మా కాలంలో డెబ్భై అయిదేళ్ళ మనిషికి వాల్వు మార్చడమన్నది ఊహకి కూడా అందేది కాదు. ఇంత భాగ్యం చేతిలో పెట్టుకుని, దాన్ని వాడాలని చెప్పే మర్మర్‌ని వినకపోతే ఎలా?

ఆపరేషన్ మచ్చలు చూడటమూ మానేశారు. బృహద్ధమని ఉబ్బితే దానికి గుడ్డ గొట్టం వేసి కుట్టినవాళ్ళు, లోపలినుంచి స్టెంటు వేయించుకున్నవాళ్ళు మన ఊళ్ళలోనూ పెరుగుతున్నారు. ఏళ్ళు గడిచాక ఆ గొట్టం పక్కనున్న డుయోడినంలోకి ఒరుసుకుని రంధ్రం పడొచ్చు. చాలా అరుదే, కానీ పడితే ప్రాణాంతకం. దీని దొంగతనం ఏమిటంటే మొదట కొద్దిగా కారి ఆగుతుంది. గంటల తర్వాతో, రోజుల తర్వాతో వచ్చే రెండో దెబ్బకి మనిషి దక్కడు. ఆ మధ్యలో దొరికే వ్యవధే మనది. "ఇంతకుముందు పొట్టలో గానీ గుండె నాళాలకి గానీ ఆపరేషన్ ఏమైనా అయిందా తాతగారూ?" అన్న ఒక్క ప్రశ్న, దుప్పటి తొలగించి పొట్ట మీద మచ్చ చూడటం, బొడ్డు పైన చెయ్యి పెట్టి కొట్టుకునే గడ్డ ఉందేమో తడమడం. ఈ మూడూ చేసిన డాక్టరు వెంటనే సీటీ యాంజియో తీయించి వాస్క్యులర్ సర్జన్‌ని పిలుస్తాడు. చేయని డాక్టరు నెత్తురు ఆగిందని సంతోషించి డిశ్చార్జి రాస్తాడు.

కొత్త యంత్రాలంటే నాకు పడదని ఎవరైనా అనుకుంటే అది తప్పు. 2001లో వాడకానికి అనుమతి పొందిన క్యాప్సూల్ కెమెరా మాత్రలా మింగితే చిన్నపేగంతా ఫొటోలు తీస్తుంది. మా తరానికి చిన్నపేగు చీకటి కొట్టే. అదే సంవత్సరం జపాన్‌లో యమమోటో రెండు బెలూన్ల ఎండోస్కోపుతో చిన్నపేగు లోతుల్లోకి వెళ్ళే దారి చూపించాడు. తొడ ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి యాంజియో చేసి, కారే నాళాన్ని లోపలే మూసేస్తున్నారు. మన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి లాంటివాళ్ళు హైదరాబాద్‌ని ఎండోస్కోపీకి ప్రపంచమంతా చూసే చోటుగా నిలబెట్టారు, 2025లో ఆయనకి పద్మవిభూషణ్ వచ్చినప్పుడు నేను నిజంగా పొంగిపోయాను. నా గోడు ఈ యంత్రాలని వేళకి వాడటం లేదని. యాంజియోలో నాళం పట్టుబడాలంటే ఆ క్షణాన నిమిషానికి సుమారు అర మిల్లీలీటరైనా కారుతూ ఉండాలి. క్యాప్సూల్ కూడా కారిన రెండుమూడు రోజుల్లోపు మింగిస్తేనే ఎక్కువ ఫలితం. ఇన్సూరెన్సు అప్రూవల్ కోసం, ప్యాకేజీ బేరాల కోసం, సోమవారం వచ్చే స్పెషలిస్టు కోసం ఆ గంటలు గడిచిపోతే యంత్రానికి దొరికేది శుభ్రమైన పేగే. అప్పుడు రిపోర్టు ‘నార్మల్’ అనే వస్తుంది, మనిషి మాత్రం నార్మల్ కాడు.

ఇళ్ళలోవాళ్ళతోనూ నాకు తగాదా ఉంది. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, వాట్సాప్‌లో రిపోర్టులు చూసి హిమోగ్లోబిన్ అంకె చదువుతారు. "నాన్నా, మోషన్ ఏ రంగులో అవుతోంది?" అని అడగడానికి నామోషీ. తండ్రి కూడా ఫ్లష్ నొక్కేసి వచ్చేస్తాడు, చెప్పడు. ఆసనం దగ్గర ఎరుపు కనిపిస్తే మొలలనుకుని మందుల షాపులో లేపనం కొనుక్కుంటారు. మోకాళ్ళ నొప్పికి అదే షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుంటారు, స్టెంటుకి వేసే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఎలాగూ ఉంటాయి. ఇవి పల్చబడిన నాళం మీద తలుపు తెరిచి పెడతాయి. అలాగని రక్తం పలచబరిచే మాత్రలు ఎవరికి వారు ఆపేయకూడదు. ఆపితే స్టెంటు మూసుకోవచ్చు, పక్షవాతం రావచ్చు. మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద గుమ్మరించండి. మా రోజుల్లో పల్లెటూరి రోగులు అలాగే చేసేవాళ్ళు, ఏ మందు ఎందుకో తెలియకపోయినా ఒక్కటి కూడా దాచేవాళ్ళు కాదు.

మా రోజుల్లో పరికరాలు లేక మనుషులు పోయారు, ఆ రోజులు తిరిగి రావాలని నేను ఎన్నడూ కోరను. అప్పుడు ఉన్నదీ ఇప్పుడు పోయిందీ ఒకటుంది. ఆ మంచం మీది మనిషి ఒక యూనిట్‌కి చెందినవాడు, ఆ యూనిట్‌కి ఒక చీఫ్ ఉండేవారు, ఆ మనిషి తల వెంట్రుకల నుంచి కాలిగోటి దాకా ఆయనదే జవాబుదారీ. పొట్ట వేరు, గుండె వేరు అని ఆయన ముందు చెప్పి బతికి బయటపడే హౌస్ సర్జన్ లేడు. ఇవాళ ఎంతమంది స్పెషలిస్టులైనా రండి, మంచిదే. కానీ అరవై దాటిన మనిషి కారణం తెలియకుండా నెత్తురు పోతూ చేరినప్పుడు, మొదటి రోజే మలం చూసి, గుండె విని, నోరూ వేళ్ళూ మచ్చలూ వెతికి, మందుల సంచి విప్పి, అన్నీ కలిపి ఆలోచించే ఒక్క డాక్టరు పేరు కేసు షీటు మీద రాసి ఉండాలి. యువ డాక్టర్లూ, ఆ పేరు మీది కావాలని పోటీ పడండి, అది మీ చదువుకి అసలైన గౌరవం. రోగి తాలూకు వాళ్ళకి చెప్పేదొకటే: బిల్లు అడిగేముందు "మా నాన్న కేసు మొత్తం చూస్తున్నది ఎవరు?" అని అడగండి. జవాబుగా ఒక మనిషి పేరు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.